మా అక్క తిన్న నాచు

మా అక్క చంద్రమ్మ గురించి చెప్పమంటే ముందు ఆమె చేతుల గురించే చెబుతాను. త్రిపురారం చుట్టుపక్కల కాల్వ కింది ఊళ్లలో నాట్లు వేసే ఆడవాళ్లను ఎవరినైనా అడగండి, ఆ చేతులు ఎట్లాంటివో వాళ్లే చెబుతారు. నారు కట్ట ఎడమ చేత్తో పట్టుకొని మడిలో వంగిందంటే అవతలి ఒడ్డు తగిలేదాకా నడుమెత్తేది కాదు. వెనకబడి ముచ్చట్లు పెట్టుకునేవాళ్లను "ఏమే, నాటెయ్యనీకె వచ్చిండ్రా, పేరంటానికి వచ్చిండ్రా?" అని గదమాయించేది. ముఠాకు పెద్ద తనే. ఇప్పుడు బిహార్ నుంచి మగవాళ్లు జట్లు జట్లుగా దిగి గుత్తకు నాట్లు వేసి పోతున్నారు. అయినా కొందరు రైతులు చంద్రమ్మ ముఠా ఖాళీ అయ్యేదాకా నారు ముదిరిపోతున్నా ఆగేవాళ్లు.

నేను ఆమె చెల్లెల్ని, పుష్పలతను. కోదాడలో బస్టాండు వెనక సందులో మిషన్ కుట్టుకుంటాను. పెళ్లయి ఇటు వచ్చాక నా మాట కొంచెం ఆంధ్రా వైపు ఒరిగింది. అందుకు మా అక్క నన్ను ఏడిపించని రోజు లేదు. నాకు ముక్కు మీద కోపం, అది అందరికీ తెలిసిందే. ఈ సంగతంతా కూడా కోపంతోనే చెబుతున్నాను. ఎవరి మీద కోపమని మాత్రం అడక్కండి.

కొన్నేళ్ల కిందట ఒక వానకాలం నాట్లయ్యాక అక్కకు పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. లేచిన గంట సేపు చీర కుచ్చిళ్లు పెట్టుకోలేకపోయేది, కొప్పు ముడి వేసుకోలేకపోయేది. మణికట్లు వాచి ఎర్రగా అయ్యేవి. నీళ్లలో పని కదా, చలువ చేసి ఉంటుందనుకుంది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టుకుంది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూది వేస్తే నాలుగు రోజులు వాపు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ సూదుల కోసం తిరగడంలోనే ఏడాది గడిచిపోయింది. చివరికి నేనే వెళ్లి, చెయ్యి పట్టుకుంటే నొప్పి పుడుతుందని రెక్క పట్టుకొని, సూర్యాపేటకు తీసుకుపోయాను.

అక్కడ కీళ్ల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. రక్తం పరీక్షలు చేయించి, కీళ్లవాతం అని చెప్పింది. "మన ఒంట్లో రోగాలతో కొట్లాడే బలగం ఒకటి ఉంటుందమ్మా. నీకు ఆ బలగం దారి తప్పి నీ కీళ్ల మీదే పడింది" అంది. వారానికి ఒకే ఒక్క రోజు వేసుకునే మాత్ర రాసింది. ఆ మాత్ర కొందరికి లివర్ మీద దెబ్బ కొడుతుంది కాబట్టి మధ్య మధ్య రక్తం పరీక్ష తప్పనిసరి అంది. "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అణచిపెట్టి ఉంచాలి. అణిగి ఉన్నంత కాలం నీ చేతులు నీవే. మందు మానేశావనుకో, వేళ్లు వంకర పోతాయి. ఒకసారి వంకరపోయినవి మళ్లీ చక్కగా రావు" అని అక్క కళ్లలోకి చూసి మరీ చెప్పింది. అక్క తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

మాత్రతో మంచే జరిగింది. మూడో నెలకల్లా పిడికిలి బిగిసింది. తర్వాతి యాసంగి నాట్లకు మళ్లీ మడిలో దిగింది. అయితే మాత్ర వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. "నెత్తి గిర్రున తిరుగుతది చెల్లె, గా గోలి చూస్తేనే భయమైతుంది" అని ఫోన్లో గోల పెట్టేది. "చేతులు కావాలా, వద్దా?" అని నేను కసిరేదాన్ని. మా బావ జానయ్య మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీ. పొద్దున ఆటోలో పోయి పొద్దుగూకాక వస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. గోలి రోజున పెళ్లానికి నిమ్మకాయ నీళ్లు కలిపి పెట్టి పోవడం తప్ప ఆయనకేం తెలుస్తుంది?

వాళ్లకు ఒక్కతే బిడ్డ, స్రవంతి. సూర్యాపేటలో ఎమ్మెస్సీ చదివి హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధనకు చేరింది. ఏం చదువుతున్నావే అంటే నాచు అంది. చెరువులో, కాల్వలో, పొలంలో పట్టే పచ్చటి నాచే. అందులోనూ కొన్ని మొక్కల్లోనూ వాపును తగ్గించే పదార్థాలు ఉంటాయని, వాటిని విడదీసి పరీక్షిస్తారని చెప్పింది. మా సార్ ఇచ్చిన పని, నేను అడిగింది కాదు అని పైకి అన్నది గానీ, వాపు అనే మాట వినగానే ఎగిరి గంతేసి ఉంటుందని నాకు తెలుసు. తల్లి వేళ్లు చూస్తూ చదువుకున్న పిల్ల.

ఒక యాసంగిలో సీసాలు పట్టుకొని ఊరికి వచ్చింది. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి పొలంలో దిగి, నీటి మీద తేలే నాచును చెంచాతో తీసి సీసాల్లో పోసుకుంటోంది. వరి రైతుకు నాచు అంటే ఎంత ఒళ్లు మంటో తెలుసా? పిలకలను పైకి లేవనియ్యదు. దాన్ని చంపడానికి మైలుతుత్తం గుడ్డలో మూటగట్టి నీళ్లు వచ్చే చోట వేలాడదీస్తారు. అట్లాంటి దాన్ని బిడ్డ అపురూపంగా ఎత్తుతుంటే ఒడ్డు మీద కూర్చున్న అక్కకు నవ్వాగలేదు.

"ఓసి నీ సదువు పాడుగాను! దీన్ని పీకలేక మా నడుములు పోయినయ్. నువ్వు గంగాజలం తీర్గ సీసాలల్ల పోస్తున్నవ్."

"దీంట్లనే మందు ఉన్నదేమో అమ్మా" అంది స్రవంతి.

"మందా? నా అసుంటి నొప్పులకా?"

"ఆఁ. వాపు తగ్గించేది ఉండొచ్చు. ఇంకా తెల్వదు. ముందు ల్యాబ్‌ల చూడాలె, తర్వాత ఎలుకల మీద, గా తర్వాత మనుషుల మీద. చానా ఏండ్లు పడతది."

అక్క ఆ చివరి మాట విన్నదో లేదో నాకు తెలియదు. నాచు సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకొని చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు స్రవంతి ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, పని చేసింది!" అని అరిచిందట. నాక్కూడా ఫోన్ చేసింది. ఎలుకల ఒంట్లోంచి తీసిన కణాలను గాజు పళ్లెంలో పెట్టి, వాటికి వాపు పుట్టించి, ఈ నాచులోంచి తీసిన పదార్థం వేస్తే ఆ వాపు గుణం తగ్గిందట. గాజు పళ్లెంలో మాత్రమేనని తల్లికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. అబద్ధం ఎందుకు, పిల్ల తప్పేం లేదు. కానీ కూతురు గెలిచి అరుస్తుంటే ఏ తల్లికి గాజు పళ్లెం గుర్తుంటుంది చెప్పండి? అక్క ఊరంతా చెప్పుకుంది. "మా స్రవంతి కీళ్లనొప్పులకు మందు కనిపెట్టింది. ఎలుకకు పని చేసిందట. ఎలుకకు చేసింది మనిషికి చెయ్యదా?" కిరాణా కొట్టు పిచ్చయ్య ఇంకో అడుగు ముందుకేసి, "టీవీల ఎప్పుడొస్తది?" అని స్రవంతికే ఫోన్ చేశాడు. పాపం ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ తేలు కుడితే పసరు పోసేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. పసరు మందుకు కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు, చెబితే గుణం పోతుంది. పొద్దు పొడవక ముందు పరగడుపున తీసుకోవాలి. పులుపు, వంకాయ, చేప ముట్టకూడదు. అన్నిటికన్నా గట్టి పథ్యం, ఇంగ్లీషు మందు దానితో కలపకూడదు. కలిపితే రెండూ విరుగుతాయనేది అమ్మ. మేమిద్దరం ఈ మాటలు వింటూ పెరిగాం. కోదాడ వచ్చి మెడికల్ షాపు పక్కన మిషన్ పెట్టుకున్నాక నాకు అవన్నీ పాతపడిపోయాయి. అక్కకు పాతపడలేదు. ఆమెకు మందు అంటే అదీ, అట్లా తీసుకోవాల్సిందే.

ఇంకేముంది, బిడ్డ మందు కోసం చాలా ఏండ్లు ఎందుకు ఆగాలి, నాచు మన దగ్గరే ఉందిగా అనుకుంది. మొరటుగా చేసిందా అంటే అదీ లేదు. పొలంలో మైలుతుత్తం, పురుగుమందులు పడతాయని పొలం నాచు ముట్టలేదు. ఎండాకాలం కాల్వ కట్టేశాక తూము పక్కన గుంటలో నీళ్లు నిలుస్తాయి, మందులు పడని నీళ్లు. వాటి మీద చిక్కగా తెట్టు కట్టిన నాచు తీసింది. ఏడు నీళ్లు కడిగింది. పాత చీర పరిచి డాబా మీద ఆరబెట్టింది. మిక్సీలో పట్టి, జల్లించి, స్టీలు డబ్బాలో పోసి దేవుడి గూట్లో పెట్టుకుంది. రోజూ పొద్దు పొడవక ముందు చెంచాడు పొడి మజ్జిగలో కలిపి తాగేది. బావ అడిగితే "కడుపు శుద్ధికి" అన్నదట. మందు మొదలుపెట్టిన రోజే సూర్యాపేట మాత్రలను బియ్యం డ్రమ్ములో అడుక్కు తోసేసింది. బిడ్డకు కూడా చెప్పలేదు. బిడ్డ చేసిన మందు పేరు బిడ్డకే చెప్పకుండా దాచింది. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

అసలు మోసం ఎక్కడ జరిగిందంటే, మొదట్లో ఆమెకు బాగుంది. మాత్ర మానేసేసరికి కడుపులో తిప్పడం పోయింది. అన్నం సయించింది. ఒళ్లు తేలికపడింది. పాత మాత్రల బలం ఒంట్లో ఇంకా ఉంది కాబట్టి కీళ్లూ నెమ్మదిగానే ఉన్నాయి. ఇదంతా డాక్టరమ్మ తర్వాత విడమరచి చెబితే తెలిసింది. అక్క మాత్రం నాచు చలువే అనుకుంది. ఆ ఎండాకాలం పెళ్లికని కోదాడ వచ్చినప్పుడు ముఖం కళకళలాడుతోంది. నా మిషన్ దగ్గర కూర్చొని, నేను అద్దాలు వెతుక్కుంటుంటే సూది లాక్కొని ఒక్క పోటులో దారం ఎక్కించింది.

"సూసినవా? నీకంటె పెద్దదాన్ని" అంది.

"ఏం తింటున్నావే తల్లీ, నాక్కూడా పెట్టు" అన్నాను.

"బిడ్డ చలువ" అని నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. నా సంతోషానికి హద్దు లేదు ఆ రోజు. జాకెట్టు ఒకటి కుట్టి ఒళ్లో పెట్టాను.

వానలు పడ్డాయి, కాల్వ వదిలారు, నాట్లు మొదలయ్యాయి. ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. ఆయన తనకు తానుగా నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"మీ అక్క లేస్తలేదు. చేతులు, మోకాళ్లు అన్నీ ఉబ్బినయ్. కండ్లు కూడ పచ్చగున్నయ్ పుష్పా. నాకేం సమజైతలేదు. నువ్వు జర రా."

మిషన్ మీద గుడ్డ మిషన్ మీదే వదిలేసి పరిగెత్తాను. వెళ్లి చూస్తే మంచంలో అక్క లేదు, అక్క రూపంలో వాపు ఉంది. నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతోంది. పక్కకు తిప్పుదామని ముట్టుకుంటే కేక పెట్టింది. ఉచ్చపోయడానికి కూడా బావే ఎత్తుకుపోవాల్సి వచ్చింది. మడిలో పదిమందిని గదమాయించిన మనిషి, సిగ్గుతో మొహం గోడ వైపు తిప్పుకొని ఏడ్చింది. కారు మాట్లాడి సూర్యాపేట తీసుకుపోయాం. స్రవంతి హైదరాబాదు నుంచి తిన్నగా దవాఖానకే వచ్చింది.

డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి కుర్చీలో ముందుకు జరిగింది. కీళ్లవాతం బాగా రేగింది, అంతకు మించి లివర్ దెబ్బతింది అంది.

"మాత్రలు సరిగా వేసుకుంటున్నావా చంద్రమ్మా?"

"ఏసుకుంటున్న మేడం."

"వేరే ఏమన్నా తింటున్నావా? ఆకు మందు, పొడి, కషాయం? ఏదన్నా సరే."

"ఏం తింటలేను మేడం."

"చూడమ్మా, నేను తిట్టను. లివర్ ఎందుకు పాడయిందో తెలిస్తే తప్ప నీకు ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో నాకు తెలియదు."

అక్క పెదవులు బిగించింది. నాకు అనుమానం వచ్చింది. మా అమ్మ ఆకు పేరు అడిగినప్పుడు ఇట్లాగే పెదవులు బిగించేది. నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ ముందే అరిచాను.

"నోరు తెరుస్తావా లేదా? ఏం మింగావు? చచ్చిపోతావే అక్కా, చెప్పు!"

"అరవకు. చెప్తే గుణం పోతది" అంది మెల్లగా.

"గుణమా? ఏ గుణం నా బొంద గుణం? కళ్లు పచ్చబడ్డాయి, ఇంకేం గుణం మిగిలింది?"

స్రవంతి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తల్లి ఉబ్బిన చేతిని ముట్టుకోకుండా, దుప్పటి మీద తన చెయ్యి పక్కన పెట్టింది. "నాకన్నా చెప్పమ్మా. నేనెవరికీ చెప్ప" అంది.

అక్క మొహం బిడ్డ వైపు తిప్పింది. తర్వాత చిన్న పిల్ల చెప్పినట్టు చెప్పింది. "నీ మందే బిడ్డా. గా నాచే. తూము కాడ మంచిది సూసి తెచ్చిన. పథ్యం కూడ తప్పలే. ఇంగ్లీషు గోలి ముట్టలే."

ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను. లేచి బయటికి పోయింది. వెనకే పోతే వరండాలో మందుల కౌంటర్ దగ్గర గోడకు ఆనుకొని నిలబడి ఉంది. అంత జనంలో నా భుజం మీద పడి, "నేను పళ్లెంల అన్న కద చిన్నమ్మా, పళ్లెంల మాత్రమే అన్న కద" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. నువ్వు చెప్పావులే బిడ్డా, చెప్పావు అన్నాను.

డబ్బాలో మిగిలిన పొడిని స్రవంతి తమ ప్రయోగశాలకు తీసుకుపోయింది. వాళ్ల సార్ చూసి చెప్పిన సంగతి ఆమె మాకు విప్పి చెప్పింది. నాచు అంటే ఒకటి కాదట, ఎన్నో రకాలట. పొలంలో తాను సీసాల్లో ఎత్తింది ఒక రకం. నిలవ నీటి మీద తెట్టు కట్టేదాంట్లో లివర్‌ను తినేసే విషం ఉండే రకాలు కూడా కలిసి ఉంటాయట. కడిగినా, ఎండబెట్టినా ఆ విషం పోదట. పైగా, తాము పళ్లెంలో వాడింది నాచు కాదు, బకెట్ల కొద్దీ నాచులోంచి తీసిన చిటికెడు పదార్థం.

"అయితే ఈ నాచే పాడు చేసిందా?" అని అడిగాను.

"కావచ్చు చిన్నమ్మా. గట్టిగ చెప్పలేం. పాత గోలీల వల్ల కూడ కావచ్చు. రెండూ కలిసి కావచ్చు."

చెప్పలేం! ఇంత చదివి, ఇన్ని మిషన్లు పెట్టుకొని, చివరికి చెప్పలేం. ఆ మాట మీద నాకు ఎంత కోపం వచ్చిందో. కానీ ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూసి నోరు మూసుకున్నాను. అబద్ధం చెప్పి తప్పించుకునే పిల్ల అయితే నాచు వల్ల కాదులే చిన్నమ్మా అని ఉండేది.

సూర్యాపేటలో చాలా రోజులు ఉన్నాం. కళ్ల పసుపు మెల్లగా తగ్గింది. చేతులే తగ్గలేదు. లివర్ కుదుటపడేదాకా పాత మాత్ర ఇవ్వడానికి లేదు. అసలు ఇక ఎప్పటికైనా ఇవ్వొచ్చో లేదో చూడాలి అంది డాక్టరమ్మ. వేరే సూదులు ఉన్నాయి, వాటికీ ఇదే అడ్డం. నొప్పి కాస్త ఆగడానికి ఏదో కొద్దిగా ఇచ్చారు. ఈలోపు జబ్బు ఊరుకుంటుందా? మేం చూస్తుండగానే, రోజూ పొద్దున లేచి చూసినప్పుడల్లా ఆ వేళ్లు కొంచెం కొంచెంగా చిటికెన వేలు వైపు ఒరిగిపోయాయి. నేను పట్టీలు కుట్టి తొడిగాను. స్రవంతి గోరువెచ్చటి నీళ్లలో పెట్టి వ్యాయామం చేయించింది. బావ మిల్లు మానేసి తల దగ్గర కూర్చొని ఒక్కో వేలినీ చక్కగా పట్టుకొని ఉండేవాడు, పట్టుకుంటే ఆగుతాయేమోనని. వదలగానే మళ్లీ ఒరిగేవి. ముగ్గురం ఉండి ఏం చేయగలిగాం? చూశాం, అంతే.

"ఇంకేం చెయ్యలేమా మేడం?" అని బావ ఒకసారి అడిగాడు. ఆ మనిషి అన్నేళ్లలో డాక్టరుతో మాట్లాడిన మాట అదొక్కటే. ఆమె కూడా ఆయన కళ్లలోకి చూడలేకపోయింది. "లివర్ కుదుటపడనివ్వండి జానయ్యగారూ" అంది.

ఇంటికి తీసుకొచ్చాక ఊళ్లో వాళ్లు వచ్చిపోయారు. ముఠాలోని ఆడవాళ్లు బురద కాళ్లతోనే వచ్చి గడప దగ్గర నిలబడేవాళ్లు. పిచ్చయ్య ఒక రోజు వచ్చి "గా నాచు మందు ఇంకా ఉన్నదా? మా అత్తకు మోకాళ్లు" అన్నాడు. ఏం మనుషులండీ! చేతిలో చీపురు ఉంది గనక సరిపోయింది, రోకలి ఉంటే ఏం జరిగేదో. చీపురుతోనే ఇంటి ముందు దాకా సాగనంపాను.

అక్కకు మాత్రం బిడ్డ మీద నమ్మకం పిసరంత తగ్గలేదు. తప్పంతా తనదే అంది. నిలవ నీళ్ల నాచు తేవడం తన తప్పట, పారే నీళ్లది తేవాల్సిందట. ఇట్లాంటి మనిషికి ఏం చెబుతాం? స్రవంతి ఆ చదువు మానేస్తానంటే తిట్టి పోసింది. "నువ్వు మానేస్తే నాకెవరు చేస్తరే? గా సార్ చేస్తడా?" అని. ఆ పిల్ల మళ్లీ హైదరాబాదు పోయింది. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతుంది. పని ఎట్లా ఉందని ఒకసారి బస్టాండులో అడిగితే, "బాగ లేదు చిన్నమ్మా. మోతాదు జర పెంచితే వాపుతో పాటు కణాలు కూడ చస్తున్నయ్. మొదటికొచ్చినం. అంతా అయి మందు అయినా, అమ్మ దాక రానీకె ఎన్నేండ్లు పడతదో. అసలు అయితదో కాదో" అంది. బస్సు వచ్చింది, ఎక్కి కూర్చుంది, నావైపు చూడకుండా కిటికీ అద్దం జరుపుకుంటూ ఉంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేనూ వెళ్లాను. మళ్లీ నాట్ల కాలమే. ఇంటి ముందు అరుగు మీద అక్కను కూర్చోబెట్టాం. స్రవంతి ముద్ద కలిపి తినిపిస్తోంది. పెరుగన్నం, నంజుకోవడానికి మామిడికాయ తొక్కు. అక్క చేతులు ఒళ్లో ఉన్నాయి. కొంగు కప్పలేదు ఈసారి. కప్పుకోవడానికి కూడా ఎవరో ఒకరు రావాలి మరి.

"ఎన్నడయితది బిడ్డా నీ మందు?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరు అడిగినా స్రవంతి ఒకటే చెప్పేది. ఇంకా తెల్వదు, చాలా ఏండ్లు పడతది, అసలు కాకపోవచ్చు కూడా. పిచ్చయ్యకూ అదే, నాకూ అదే, తల్లికీ అదే. విసుగు పుట్టేదాకా నిజమే చెప్పే పిల్ల. చేతిలోని అన్నం ముద్దను మళ్లీ గుండ్రంగా చేసింది.

"వచ్చే నాట్ల వరకు అయితదమ్మా" అంది.

బావ లోపల్నుంచి బిందె పట్టుకొని వస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్క బిడ్డ మొహంలోకి చూసింది. కన్నతల్లి కదా. ఏది అబద్ధమో ఆమెకు తెలియదా?

"నన్ను సముదాయిస్తున్నవ్" అంది.

స్రవంతి తల వంచుకుంది. ముద్ద కంచంలో పడింది.

"ఊకె ఏడ్వకు. సముదాయిస్తే ఏమాయె? బాగుంది ఇననీకె" అంది మా అక్క. "మల్లొక్కపారి చెప్పు."

స్రవంతి మళ్లీ చెప్పింది.